పెద్దాయన లేని చట్టం

మా అచ్చాఫీసులో అతన్ని డేగ అనేవాళ్ళు. ముఖం మీదే అనేవాళ్ళు, అతనూ పలికేవాడు. ప్రూఫు బల్ల మీద పెట్టి మనం కుర్చీ లాక్కునేలోపు తప్పు మీద వేలు పెట్టేసేవాడు. కామా ఉండాల్సిన చోట చుక్క పడినా, ఒక అక్షరం పక్క సైజు టైపులోంచి దొర్లి వచ్చినా, అతని కళ్ళు తప్పించుకుని బయటికి పోయింది లేదు. కంపోజిటర్లు ప్రూఫు పంపేముందు ఒకటికి రెండుసార్లు చూసుకునేవాళ్ళు, పంపాక కూర్చుని భయపడేవాళ్ళు.

నేను పద్దెనిమిదేళ్ళు అతనికి ఎదురుగా కూర్చున్నాను. అతను ప్రూఫ్ రీడరు, నేను కాపీ హోల్డర్ని. సర్కారు పంపిన రాతప్రతి నా చేతిలో ఉంటుంది. నేను పైకి చదువుతూ పోతాను. అచ్చుపడ్డ ప్రూఫు అతని చేతిలో ఉంటుంది. అతను వింటూ, దిద్దుతూ పోతాడు. మా గదికి ఒకటే కిటికీ, అది మిషన్ల హాలు మీదికి తెరుచుకునేది. అందువల్ల మాకు గాలి బదులు మోత వచ్చేది. నా గొంతు ఇలా బొంగురు పోయింది అక్కడే. ఇంట్లో మామూలుగా మాట్లాడినా మా ఆవిడ ఎందుకలా అరుస్తారంటుంది.

మేం చదివేవి చట్టాలు. సభలో చేతులెత్తి బిల్లు నెగ్గించాక దాని శుభ్రమైన ప్రతి మా దగ్గరే అచ్చయ్యేది. ఆ అచ్చుప్రతి మీదే పైవాళ్ళ సంతకం పడేది. సంతకం పడ్డ కాగితమే చట్టం, మిగతాదంతా ఉపన్యాసాలు. రాష్ట్రంలో ఏ చట్టం వచ్చినా మొదట చదివేది మేమిద్దరమే అని ఒకప్పుడు గర్వంగా చెప్పుకునేవాణ్ణి. వాటిలో ఒక్కటీ మా జోలికి వచ్చింది కాదు గనుక ఆ గర్వానికి ఖర్చేమీ ఉండేది కాదు.

ఏ చట్టం చూడండి, పైన పేరు ఉంటుంది. పేరు కింద అది ఎందుకు కావలసి వచ్చిందో చెప్పే నాలుగు ముక్కలు ఉంటాయి. అవి ఎప్పుడూ "అవసరమైనందున" అనే ముగుస్తాయి. ఆ తర్వాత నడిమధ్యన, లావుపాటి అక్షరాల్లో, ఒంటరిగా ఒక వాక్యం: "శాసనసభ వారిచే ఈ క్రింది విధముగా శాసనము చేయడమైనది." చట్టం అక్కణ్ణించి మొదలవుతుంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే దాని కింద వంద సెక్షన్లున్నా అది ఎవరో తీరిగ్గా రాసుకున్న కోరికల చిట్టా. ఇది మాకు తెలియని సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పారు.

మా వాళ్ళు ఆ వాక్యానికి పెట్టిన పేరు పెద్దాయన. అంత లావు అక్షరాలు మా దగ్గర ఒక్క వాక్యానికి సరిపడానే ఉండేవి. కాబట్టి దాన్ని ఎప్పుడో పేర్చి, పురికొసతో గట్టిగా కట్టి, విడిగా ఒక సొరుగులో పెట్టేశారు. చట్టం వచ్చినప్పుడల్లా మేస్త్రీ, అంటే కంపోజిటర్లందరికీ పెద్ద, సొరుగు లాగి పెద్దాయన్ని తెచ్చి చట్రంలో కూర్చోబెట్టేవాడు. పని అయ్యాక తుడిచి మళ్ళీ పడుకోబెట్టేవాడు. నియమాలకీ నోటీసులకీ పెద్దాయన అక్కర్లేదు. చట్టానికే కావాలి. సెక్రటేరియట్లో బిల్లు రాసే గుమాస్తాలు కూడా ఆ వాక్యాన్ని రాయడం ఎప్పుడో మానేశారు. ఆ చోట అడ్డంగా ఒక గీత గీసి పంపేవాళ్ళు. నేను చదువుతూ చదువుతూ ఆ గీత దగ్గరికి రాగానే "పెద్దాయన" అనేవాణ్ణి. డేగ "ఊఁ" అనేవాడు. ముందుకు పోయేవాళ్ళం.

ఒక్కోసారి ఒకే రోజు రెండు చట్టాలు వచ్చేవి. పెద్దాయన ఒక్కడే కదా. మొదటిదాంట్లో కూర్చునేవాడు. రెండోదాంట్లో ఆ చోట చెక్కముక్కలు బిగించి, ఖాళీ వదిలి ప్రూఫు తీసేవాళ్ళు. అప్పుడు రీడరు ఆ ఖాళీ పక్కన, అంచులో, ఎర్రసిరాతో "పె" అని రాయాలి. ఆ "పె" చూశాక మేస్త్రీ మొదటి చట్టం అచ్చయ్యేదాకా ఆగి, పెద్దాయన్ని ఇక్కడికి తెచ్చేవాడు. "పె" లేకపోతే అది చట్టం కాదు, ఏదో నియమాల కాగితం అనుకుని ఖాళీ మూసేసేవాడు. మేస్త్రీ రోజుకి అరవై పేజీలు బిగించే మనిషి, అందులో ఏముందో చదివే తీరిక అతనికి లేదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు. ముప్పయ్యేళ్ళు ఒక్కసారి కూడా తప్పు జరగలేదు కాబట్టి అందరం దాన్ని నెత్తిన పెట్టుకున్నాం.

ఇక డేగ అక్క సంగతి చెప్పాలి. ఆవిడ సంగతి చెప్పకపోతే ఇదంతా చెప్పీ ఉపయోగం లేదు.

ఆవిడ కింది అంతస్తులో కుట్టుగదిలో పనిచేసేది. అచ్చయిన కాగితాలు మడిచి, వరస చూసి, సూదితో కుట్టే ఆడవాళ్ళు ఇరవై ముగ్గురుండేవాళ్ళు. వాళ్ళందరికీ ఈవిడే తలలో నాలుక. సూదక్క అని పిలిచేవాళ్ళం. అమ్మానాన్నా ఒకే ఏడు పోయారు. అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు, తమ్ముడికి ఐదు. పద్నాలుగేళ్ళ పిల్లని పనిలో పెట్టుకోకూడదని రూలుండటంతో రిజిస్టరులో పదహారని రాసుకుని, రోజు కూలీ కింద పెట్టుకున్నారు. ఆ రోజు కూలీ నలభై రెండేళ్ళు రోజు కూలీగానే ఉండిపోయింది. సెలవు పెడితే ఆ రోజు లేనట్టే. జ్వరం వచ్చినా లేనట్టే. పెళ్ళి ఊసెత్తిన వాళ్ళకి, తమ్ముడు ఉద్యోగంలో కుదురుకోనీ అని చెప్పింది. తమ్ముడు కుదురుకునేసరికి అడిగేవాళ్ళు మిగల్లేదు.

ఆవిడ మొదట్లో మరకలు పడి పారేసిన అచ్చుకాగితాలు ఇంటికి తెచ్చుకునేది. ఒక పక్క ఖాళీగా ఉంటుంది, పిల్లాడు రాసుకుంటాడని. రెండో పక్క చట్టం ఉండేది. వాడికి అక్షరాలు నేర్పింది ఆ చట్టాల మీదే. అన్నిటికన్నా పెద్ద అక్షరాలు ఎక్కడుంటాయి? పెద్దాయన దగ్గర. అక్క వేలు పట్టుకుని, "శా" దగ్గర మొదలుపెట్టి, "ది" దగ్గర చుక్క దాకా, తమ్ముడు జీవితంలో చదివిన మొదటి వాక్యం అది. అర్థం తెలియకుండానే వీధిలో పాడుకుంటూ తిరిగేవాణ్ణని డేగ నవ్వుతూ చెప్పేవాడు. అప్పుడు నేనూ నవ్వాను.

ఆ ఏడు ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎన్నికల ముందు సర్కారుకి అందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుంది, రోజు కూలీల మీద కూడా పుట్టింది. పదేళ్ళు దాటిన రోజు కూలీలందరినీ పర్మినెంటు చేస్తామని, అరవై నిండి ఇంటికి వెళ్ళేవాళ్ళకి నెలనెలా పింఛను ఇస్తామని బిల్లు తెచ్చారు. రిజిస్టరు లెక్కన సూదక్కకి అప్పుడు యాభై ఎనిమిది. ఆవిడ చూపు అప్పటికే మందగించింది. సూదిలో దారం పక్కమ్మాయి ఎక్కించి ఇస్తే కుట్టేది. ఇంకో రెండేళ్ళు ఎలాగోలా ఈదితే చాలు, తర్వాత తమ్ముడి మీద ఆధారపడక్కర్లేదు. తమ్ముడు పెట్టడని కాదు. నలభై రెండేళ్ళు పనిచేసిన మనిషికి తనదంటూ ఒకటి ఉండాలని ఆవిడ పంతం. ఆవిడకి ఇంకే కోరికా ఉన్నట్టు నేను వినలేదు.

బిల్లు నెగ్గిన రోజు మా దగ్గరికి రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ఇది. రెండోది సభ్యుల భత్యాలూ పింఛన్లూ పెంచే చట్టం. రెండో దాని కోసం పైనుంచి మూడుసార్లు ఫోను వచ్చింది, కాబట్టి అది మొదటిదయింది. పెద్దాయన వెళ్ళి అందులో కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి కూలీల చట్టం ప్రూఫు మా బల్ల మీదికి వచ్చింది. కింద కుట్టుగదిలో ఆడవాళ్ళు పని ఆపి మెట్ల దగ్గర నిలబడ్డారని ప్యూను చెప్పాడు. డేగ కళ్ళజోడు తుడుచుకున్నాడు. సాధారణంగా అతను అంత హడావుడి పడడు. నేను చదవడం మొదలుపెట్టక ముందే పేజీ తిరగేసి, చివర్న ఏయే విభాగాల వాళ్ళకి వర్తిస్తుందో ఆ పట్టీ చూశాడు. "కుట్టు విభాగము" అన్న మాట మీద వేలు పెట్టి, "పడిందిరా" అన్నాడు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు. నేను పేరు చదివాను. "అవసరమైనందున" దాకా చదివాను. గీత వచ్చింది.

"పెద్దాయన" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

అంచులో "పె" రాయలేదు. అతను ఆ ఖాళీలోకే చూస్తున్నాడు, నేను నా కళ్ళతో చూశాను. ఐదేళ్ళప్పటి నుంచీ అక్కడ ఉన్న వాక్యం అతనికి అక్కడే కనబడింది. ఆ చట్టంలో మూడో సెక్షన్లో ఒక కామా తప్పు పట్టుకున్నాడు. ఏడో సెక్షన్లో తేదీ పక్కన చుక్క లేదని పట్టుకున్నాడు. మేస్త్రీ ఖాళీ మూసేసి రెండో ప్రూఫు పంపాడు. డేగ అది కూడా చూసి కింద పొట్టి సంతకం పెట్టాడు. ఆ తర్వాత సెక్రటేరియట్లో ఎంతమంది చూసి ఉంటారో, సంతకం పెట్టిన పెద్దలు ఎంత దీక్షగా చదివి ఉంటారో నాకు తెలియదు. ఒక్కడూ నోరెత్తలేదు. సంతకం పడింది, ముద్ర పడింది.

సూదక్క వాళ్ళు ఐదు వందల ప్రతులు కుట్టారు. ఆ రోజు ఐదు దాటినా ఎవరూ ఇంటికి వెళ్ళలేదు, ఎవరూ ఉండమని చెప్పలేదు. ఆవిడ సూపరింటెండెంటుని అడిగి ఒక ప్రతి తీసుకుంది. గుడ్డలో చుట్టి ఇంట్లో రేకుపెట్టెలో పెట్టుకుంది. తను స్వయంగా కుట్టిన ప్రతి, నాలుగు కుట్లు.

ఎన్నికలు అయ్యాయి. వాళ్ళే మళ్ళీ గెలిచారు. పర్మినెంటు కాగితాలు ఇదిగో అదిగో అంటుండగా సర్కారు ఆఫీసులకి రోజు కూలీలను కుదిర్చే కాంట్రాక్టరు కోర్టుకెక్కాడు. మనిషికింత అని అతనికి వచ్చేది ఈ చట్టంతో పోతుంది మరి. అతని వకీలు పెద్ద తెలివైనవాడేం కాదని విన్నాను. ఏ దారీ దొరక్క చట్టాన్ని మొదటి అక్షరం నుంచి చదువుకుంటూ వచ్చాడట. మేము పద్దెనిమిదేళ్ళు చెయ్యని పని అతను ఒక్క పూట చేశాడు. సంతకం పడ్డ ప్రతిలో శాసనం చేసినట్టు ఎక్కడా లేదు, కాబట్టి ఇది శాసనం కాదు అన్నాడు. జడ్జీ ఏడాది ఆలోచించి, అవునన్నాడు.

సరిదిద్దడానికి ఒక్క పేజీ బిల్లు చాలు. మా డేగ గంటలో దిద్ది ఇచ్చేవాడు, సభ పది నిమిషాల్లో చేతులెత్తేది. మంత్రిగారు చాలా విచారించారు. మళ్ళీ తెస్తాం, ఇంకా బాగా తెస్తాం అని అరచేతిలో వైకుంఠం చూపించారు. అప్పీలుకి గడువు ముప్పై రోజులు, ముప్పై రోజులూ ప్రశాంతంగా గడిచిపోయాయి. గెలిచిన వాళ్ళకి ఆ చట్టంతో ఇక పనేముంది? ఇష్టంలేని పెళ్ళి పెళ్ళికొడుకు జ్వరంతో ఆగిపోయినట్టు అందరూ లోలోపల ఊపిరి పీల్చుకున్నారు. ఆ జ్వరం మా డేగ.

విచారణ అని మా ఇద్దర్నీ సూపరింటెండెంటు గదికి పిలిచారు. డేగ సస్పెన్షన్ తప్పదని ముందే నాతో అన్నాడు. అవ్వాలి కూడా అన్నాడు. సూపరింటెండెంటు రూల్సు పుస్తకం తెరిచి నన్ను అడిగాడు. రాతప్రతిలో ప్రతి మాటా పైకి చదవాలని రూలుంది, ఆ వాక్యం పూర్తిగా పైకి చదివావా లేదా అని.

"చదివాను సార్. అక్షరం అక్షరం చదివాను" అన్నాను.

డేగ నా వైపు చూశాడు. నాకు ఇద్దరు పిల్లలు, పెద్దది కాలేజీలో ఉంది, ఇవన్నీ అతనికి తెలుసు. అతను తల వంచుకుని, తప్పు నాదే సార్ అన్నాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఆ నిలబడటం గుర్తొస్తే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సూపరింటెండెంటు పుస్తకం మూసేశాడు. టీ తెప్పించాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలో మాకు టీ ఇవ్వడం అదే మొదలు. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి డేగతో అన్నాడు: "మీరు భయపడకండి. పైవాళ్ళకి మీమీద కోపమేమీ లేదు."

ఆ మాట విన్నాక డేగ టీ తాగలేకపోయాడు. కప్పు అలాగే పెట్టేసి లేచాడు.

నెల తిరక్కుండా అతనికి హెడ్ రీడరుగా ప్రమోషన్ వచ్చింది. న్యాయంగా నాలుగేళ్ళ కిందటే రావాల్సింది, ఫైలు ఎక్కడో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉంది. ఇప్పుడు ఎవరో దులిపారు. కావాలని దులిపారో, వంతు వచ్చి దులిపారో నాకు తెలియదు. కుట్టుగదిలో ఇరవై ముగ్గురికి మాత్రం చాలా బాగా తెలుసు. అంత లావు అక్షరాలు లేవని డేగకి తెలియకపోవడమేంటి, వాడు కళ్ళు మూసుకున్నది ఊరికేనా అని మెట్ల మీద అతను వినేట్టే అనుకునేవాళ్ళు. పేరు అంత గొప్పది కావడమే అతని ప్రాణం మీదికి తెచ్చింది. మామూలు రీడరైతే గుడ్డి వెధవ అని తిట్టి ఊరుకునేవాళ్ళు.

అతను ప్రమోషన్ వద్దని రాసిచ్చాడు. ఆ కాగితంలోనే తప్పు పూర్తిగా తనదని, తనని శిక్షించాలని, కూలీల చట్టం వెంటనే సరిదిద్దాలని రాశాడు. నేరుగా మంత్రిగారికి పంపాడు. పదిహేను రోజులకి అది తిరిగొచ్చింది. అర్జీ సరైన మార్గం ద్వారా రాలేదు గనుకనూ, పైన నిర్ణీత వాక్యము లేదు గనుకనూ పరిశీలించుట సాధ్యపడదని ఎర్రసిరాతో రాసి ఉంది. అతను దాన్ని నాకు చూపించి నవ్వాడు. అలాంటి నవ్వు మళ్ళీ చూడకూడదనుకున్నాను.

ఇంట్లో సూదక్క మాట్లాడటం మానేసింది. ఇద్దరే ఉన్న ఇల్లు అది, రెండు గదులు. పొద్దున్న కంచం పెట్టేది, వెళ్ళి తలుపు దగ్గర కూర్చునేది. చెప్పాల్సింది ఏమైనా ఉంటే గోడకి చెప్పేది. నూనె అయిపోయిందని గోడకి చెబితే అతను సాయంత్రం నూనె తెచ్చేవాడు. ఇద్దరూ ఒకే అచ్చాఫీసుకి, ఒకే దారిలో, ఇరవై అడుగుల ఎడంతో నడిచి వచ్చేవాళ్ళు. ఇలా ఏడు నెలలు. రిజిస్టరు ప్రకారం ఆవిడకి అరవై నిండటానికి ఇంక ఒక్క వారం ఉంది. నిజానికి యాభై ఎనిమిదే. ఆ రెండేళ్ళ సంగతి చెప్పుకుందామంటే, పద్నాలుగేళ్ళప్పుడు అబద్ధం ఎందుకు చెప్పావని అడుగుతారు.

అప్పుడు నాకు ఇక ఆగబుద్ధి కాలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను.

డేగ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను ఆవిడ దగ్గరికే వెళ్ళి నిలబడి ఉన్నదంతా చెప్పేశాను. అక్కా, ఆ వాక్యం నేను చదవలేదు, ఆ రోజే కాదు, పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ చదవలేదు, పెద్దాయన అనేవాణ్ణి, ఊఁ అనేవాడు, మా పని అలా నడిచింది, పైన అడిగితే చదివానని అబద్ధం చెప్పాను, అతను నన్ను కాపాడటానికి నోరు మూసుకున్నాడు, అతన్ని ఎవరూ కొనలేదు అని చెప్పాను. చెబుతుంటే నా బొంగురు గొంతు నాకే వికారంగా వినబడింది.

ఆవిడ మొత్తం విన్నది. "వకాల్తా పుచ్చుకుని వచ్చావన్నమాట" అంది.

"కాదక్కా. నిజం చెప్పడానికి వచ్చాను."

"నీ నిజం నాకెందుకు? నువ్వు చదవకపోతే వీడికి కళ్ళు లేవా? కామా తప్పు పోతే ఆ పూట అన్నం సహించని మనిషి వీడు. అంత లావు అక్షరాలు అక్కడ లేకపోతే తెలియలేదంటే నమ్మమంటావా?"

లోపలికి వెళ్ళి రేకుపెట్టె తెరిచింది. గుడ్డ విప్పి ఆ ప్రతి తెచ్చింది. కోర్టు కొట్టేశాక దాన్ని ముట్టుకోలేదని దుమ్ము చూస్తేనే తెలుస్తోంది. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి, తమ్ముడి ముందుకే వచ్చింది. మందగించిన చూపుతో కాగితాన్ని దూరంగా పట్టుకుని, వేలితో వరస చూసుకుంటూ, మా ఇద్దరికీ బుద్ధి చెబుతున్నట్టు గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"ఇదిగో. ఇక్కడ పేరుంది. ఇక్కడ... 'దీర్ఘకాలముగా పనిచేయుచున్న రోజు కూలీలను క్రమబద్ధము చేయుట అవసరమైనందున, శాసనసభ వారిచే ఈ క్రింది విధముగా శాసనము...'"

ఆగిపోయింది.

ఆవిడ వేలు "అవసరమైనందున" దాటి, ఒకటో సెక్షను మీద ఉంది. ఆ వేలి కింద ఆవిడ చదివిన మాటల్లో ఒక్కటీ లేదు. లేదని ఆవిడకి తెలుసు. ఏడు నెలలుగా ఆవిడ కడుపు మండుతున్నది అది లేదనే. అయినా నోరు తనంతట తాను చదివేసింది. డేగ తలెత్తలేదు. నేను గోడకేసి చూశాను.

ఆవిడ నెమ్మదిగా నేల మీద కూర్చుంది. "ఏ కాగితం మీద నేర్పానో గుర్తుందా నీకు?" అని అడిగింది. గోడని కాదు, అతన్నే.

"రోడ్ల చట్టం అక్కా. కింది మూల మరక ఉండేది."

"అవును, మరక."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. తుడుచుకోవడానికి ఏమీ లేదు, పొడిగానే ఉన్నాయి.

"నువ్వు అమ్ముడుపోయావనుకున్నాన్రా ఇన్నాళ్ళూ" అంది. "అమ్ముడుపోయినా బాగుండేది. ఇంట్లోకి ఏదో ఒకటి వచ్చేది. ఇది ఊరికే పోయింది."

నాకు అక్కడ ఉండాలనిపించలేదు, లేవాలనీ అనిపించలేదు. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. నాకేమీ దిగలేదు. నేను వచ్చి చేసిందల్లా ఆవిడకి కోపం తెచ్చుకోవడానికి ఉన్న ఒక్క మనిషిని కూడా లేకుండా చేయడం. ఇప్పుడు ఆవిడ ఎవరిని తిట్టుకోవాలి? ఐదేళ్ళ పిల్లాడి వేలు పట్టుకుని దిద్దించిన తననా?

కాసేపటికి ఆవిడ లేచింది. గూట్లోంచి చిన్న బ్లేడు తీసింది. ఆ ప్రతిని ఒళ్ళో పెట్టుకుని, ఏళ్ళ అలవాటు కొద్దీ ఎక్కడ కొయ్యాలో తడిమి చూసుకుని, నాలుగు కుట్లూ కోసింది. దారం ముక్కలు తీసి పక్కన పెట్టింది. కాగితాలు విడివిడిగా చేసి వంటింటి అలమర దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఆ డబ్బాలు కాస్త ఎత్తిపట్టుకోరా" అంది.

అతను వెళ్ళి డబ్బాలు ఒక్కొక్కటే ఎత్తిపట్టుకున్నాడు. ఆవిడ వాటి కింద ఒక్కో కాగితం పరుచుకుంటూ వచ్చింది. సెక్షన్లున్న పేజీలు ఎలా వస్తే అలా పరిచింది. మొదటి పేజీ చేతికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం చూసి, దాన్ని తిరగేసి బోర్లా పరిచింది.